ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన సుబ్బారావు

నెల తప్పిందని తెలియగానే డాక్టరు మీకు రాసే మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ తప్పకుండా ఉంటుంది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రులైనా, నెల్లూరులో పెద్ద నర్సింగ్‌హోమ్ అయినా ఇంతే. ఆ మాత్ర వెనుక ఉన్న తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లిష్ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. 1923లో భార్యను ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్లినవారు మళ్లీ స్వదేశం చూడలేదు. హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లే కంపెనీకి మారారు. అక్కడ 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకూ, గర్భిణుల రక్తహీనతకూ అదే మందైంది.

ఆయన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది. మూత్రంలో ఇన్ఫెక్షన్లకూ వాడారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు, వయసు 53. ఈ జాతి మందులు కడుపులో బిడ్డ పళ్లనూ ఎముకలనూ పట్టుకుంటాయని తర్వాత తేలింది. అందుకే గర్భిణులకు ఇవ్వరు. ఇంకో చిత్రం చూడండి: మూత్రం మంటకు చాలామంది కొనుక్కునే కోట్రైమాక్సజోల్, ఆయన ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ పనికే అడ్డు తగులుతుంది. మొదటి మూడు నెలల్లో దాన్ని సాధారణంగా వాడరు.

కాబట్టి మంట పుట్టిందని మందుల షాపులో అడిగి మాత్ర వేసుకోకండి. మీ ఆడపడుచుకు పనిచేసిన స్ట్రిప్ మీకు పనికిరాకపోవచ్చు. గర్భంలో హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది. మూత్రం నిలిచి సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మన మెట్ట ఎండల్లో నీళ్లు తక్కువ తాగడం, ఉదయగిరి నుంచి నెల్లూరు దాకా బస్సులో ఆపుకుని కూర్చోవడం దీనికి తోడు. (బస్టాండు మరుగుదొడ్డి చూసి వెనక్కి తిరిగిన ఆడవాళ్లను తప్పుపట్టలేం.)

కొందరికి మంటే ఉండదు, పరీక్షలోనే బయటపడుతుంది. వదిలేస్తే కిడ్నీకి పాకవచ్చు, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. అందుకే తొలి చెకప్‌లోనే యూరిన్ కల్చర్ అడగండి. చలిజ్వరం, పక్కటెముకల కింద వెనకవైపు నొప్పి, వాంతులు ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

సెఫాలెక్సిన్, అమాక్సిసిలిన్ వంటి భద్రమైన మందులున్నాయి. కల్చర్ చూసి, మీ నెలను బట్టి డాక్టరు ఎంచుకుంటారు. రెండు రోజులకే మంట తగ్గినా కోర్సు పూర్తిచేయాలి. అయిపోయిన వారం, రెండు వారాలకు మళ్లీ కల్చర్ చేస్తారు. ఆ రోజు మొదటి ధార వదిలేసి, మధ్యలోది సీసాలో పట్టండి.