ఎడిన్‌బరో డిగ్రీ, చీరాల ఇంటి పన్ను

మీ ఇంటి పన్ను రసీదు ఎప్పుడైనా చదివారా? నాన్న కట్టేస్తారు, మనం పట్టించుకోం. అందులో గ్రంథాలయ సెస్సు అని ఓ చిన్న లైను ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. మీరు గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ కూర్చుని చదివే జిల్లా గ్రంథాలయానికి ఆ డబ్బే ఆధారం. మరి పిల్లల్ని సొంత ఖర్చుతో ప్రైవేటు బడికి పంపేవాళ్లకి, ఇంట్లోనే చదువు చెప్పుకునేవాళ్లకి ఈ పన్నులో కొంత తగ్గించొద్దా? అమెరికాలో ప్రభుత్వ బడులకి ఇంటి పన్నే పెద్ద ఆధారం కాబట్టి అక్కడ ఈ వాదన గట్టిగా వినిపిస్తుంది. మన దగ్గర ట్యూషన్ ఫీజుకి మినహాయింపు ఇన్‌కం ట్యాక్స్ పాత విధానంలో ఉంది గానీ, ఇంటి పన్నులో లేదు.

కట్టే పన్నుకి తిరిగి ఏమొస్తోందని నూరేళ్ల కిందటే ఒక ఊరు మొత్తం చేత అడిగించిన మనిషి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పుట్టింది 1889 జూన్ 2న, కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. పుట్టిన కొద్ది రోజులకే తల్లి, మూడేళ్లకి బడిపంతులు అయిన తండ్రి పోయారు. గుంటూరు ప్రాంతంలో నాయనమ్మ, బాబాయి పెంచారు. బాపట్ల తాలూకా ఆఫీసులో కొన్నాళ్లు గుమాస్తాగా చేశారు. ఆ రోజుల్లో అది చాలామంది కోరుకునే ఉద్యోగమే. ఆయనకి నచ్చలేదు. 1911లో స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండ్ వెళ్లి, ఎడిన్‌బరోలో ఎం.ఏ. చేసి వచ్చారు.

ఆ డిగ్రీతో ఏ పెద్ద కొలువో చూసుకోవచ్చు కదా అని మీరూ అనుకుంటారు, నేనూ అనుకున్నా. రాజమండ్రిలో పాఠాలు చెప్పారు, తర్వాత బందరు జాతీయ కళాశాలలో. రెండు చోట్లా ఎక్కువ కాలం నిలవలేదు. చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టారు. జముకుల కథ, తోలుబొమ్మలాట, వీధినాటకం కూడా చదువులో భాగమే అనేది ఆయన పట్టు.

అప్పటికే చీరాల, పేరాల ఊళ్లని కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి సుమారు 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకి చేరుతుందని లెక్క. ఎక్కువమంది నేతగాళ్లు, చిన్న రైతులు. పది రెట్ల పన్నుకి పది రెట్ల సౌకర్యం వస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. పన్ను ఎగ్గొట్టి కొందరు జైలుకెళ్లారు, వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి రెండు దారులు చూపించారు: శాంతియుతంగా పన్ను మానేయడం, లేదా ఊరే వదిలేయడం. కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం మాత్రం ఆశించొద్దన్నారు.

గోపాలకృష్ణయ్య రెండో దారి పట్టారు. ఊళ్లో లేకపోతే మునిసిపాలిటీకి పన్ను ఎవరు కడతారు? 15 వేల పైచిలుకు జనంలో 13 వేల మందికి పైగా ఇళ్లు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు. ఎండకి ఎండి, వానకి తడిసి సుమారు 11 నెలలు ఉన్నారు. ఆయన తయారుచేసిన రామదండు వలంటీర్లే కాపలా, కట్టుబాటు చూసుకున్నారు.

డబ్బు అయిపోవచ్చింది. విరాళాల కోసం బరంపురం వెళితే, అక్కడ మాట్లాడకూడదన్న ఉత్తర్వు వచ్చింది. ఆయన మాట్లాడారు. ఏడాది జైలు, తిరుచినాపల్లిలో. ఇక్కడే కథ దెబ్బతింది. ఇంజినీరు భాషలో చెప్పాలంటే సిస్టమ్ అంతా ఒక్క సర్వర్ మీద నడుస్తోంది, బ్యాకప్ లేదు. నాయకుడు లేని రామనగర్ జనం ఒక్కొక్కరే వెనక్కి వచ్చి పాత ఇళ్లలో చేరారు. ఆయన తప్పేమిటంటే ఇదే అంటాను, పన్ను మీద తిరగబడటం కాదు.

జైలు నుంచి వచ్చాక కాంగ్రెస్‌లో పెద్ద బాధ్యతలే చూశారు. కానీ చేతిలో డబ్బు నిలవలేదు, ఆరోగ్యమూ నిలవలేదు. 1928 జూన్ 10న క్షయతో పోయారు. అప్పటికి 39 ఏళ్లు. జనం ఇచ్చిన బిరుదు ఆంధ్రరత్న. చీరాల ఆ తర్వాత గుంటూరు నుంచి ప్రకాశం జిల్లాకి, ఇప్పుడు బాపట్ల జిల్లాకి మారింది. మునిసిపాలిటీ అలాగే ఉంది, పన్ను రసీదులు ఇస్తూనే ఉంది.