ఇవాన్ పావ్లోవ్

ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్ (సెప్టెంబరు 26, 1849 - ఫిబ్రవరి 27, 1936) ప్రసిద్ధ రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త. జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకు గాను 1904లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. ఈ బహుమతి అందుకున్న మొదటి రష్యన్ శాస్త్రవేత్త ఇతడే. ఉపాధ్యాయ శిక్షణ పొందేవారికి, మనోవిజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇతడు శాస్త్రీయ నిబంధన సిద్ధాంతకర్తగా పరిచితుడు. కుక్కల స్వభావాలను ప్రయోగశాలలో పరీక్షించి వర్గీకరించినది కూడా పావ్లోవే. ఇంటికి తెచ్చుకొనే కుక్కపిల్ల ఎటువంటిదో ముందుగా తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్నకు సంబంధించిన శాస్త్రచర్చలో ఇతని కృషికి ముఖ్యమైన స్థానం ఉన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

పావ్లోవ్ మాస్కోకు ఆగ్నేయంగా ఉన్న ర్యాజాన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ప్యోతర్ ద్మిత్రియేవిచ్ చర్చిలో పురోహితుడు. తల్లి వర్వారా ఇవానోవ్నా. పెద్ద కుటుంబంలో ఇతడు మొదటి సంతానం. చిన్నతనంలో ఎత్తైన ప్రదేశం నుండి రాతినేలపై పడి తీవ్రంగా గాయపడడం వలన పదకొండేళ్ళ వయసు వరకు బడికి వెళ్ళలేకపోయాడు. తరువాత మతవిద్యాలయంలో చేరాడు. ఆ కాలంలోనే శరీరధర్మ శాస్త్రవేత్త సెచెనోవ్ రచనల ప్రభావానికి లోనై, తండ్రి వృత్తిని వదలి 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్ర విద్యార్థిగా చేరాడు. 1875లో అక్కడి చదువు ముగించి, వైద్య విద్యాలయంలో చేరి 1879లో పట్టభద్రుడయ్యాడు. గుండెను నియంత్రించే నాడులపై సమర్పించిన సిద్ధాంత వ్యాసానికి 1883లో డాక్టరేటు లభించింది.

1881లో సెరఫీమా వసీల్యేవ్నాను వివాహం చేసుకున్నాడు. ఆ దంపతులు తొలి సంవత్సరాలలో కటిక పేదరికాన్ని అనుభవించారు. మొదటి బిడ్డ పసితనంలోనే మరణించాడు. 1884 నుండి 1886 వరకు పావ్లోవ్ జర్మనీలో లుడ్విగ్, హైడెన్‌హైన్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్తల వద్ద పనిచేశాడు. 1890లో సైనిక వైద్య విద్యాలయంలో ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. 1891లో ప్రయోగాత్మక వైద్యశాస్త్ర సంస్థలో శరీరధర్మ శాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ విభాగాన్ని జీవితాంతం ఇతడే నడిపాడు.

జీర్ణక్రియ పరిశోధనలు

ఆ కాలంలో శరీర అవయవాలను అధ్యయనం చేసేవారు జంతువును కోసి, అది చనిపోయేలోగా చూడగలిగినంత చూసేవారు. పావ్లోవ్ దీనికి భిన్నంగా శస్త్రచికిత్స చేసి, గాయం మానిన తరువాత ఆరోగ్యంగా తిరిగే కుక్కలో జీర్ణరసాలు ఎప్పుడు, ఎంత ఊరుతున్నాయో నెలల తరబడి కొలిచాడు. ఒకే కుక్కతో ఏళ్ళ తరబడి కలిసి పనిచేయడం వలన ప్రతి కుక్కకు ప్రత్యేకమైన నడవడి ఉంటుందని గమనించే అవకాశం ఇతనికి కలిగింది. ఈ పరిశోధనల ఫలితాలను వివరించే ఉపన్యాస సంపుటి 1897లో వెలువడింది.

నిబంధిత ప్రతిచర్య

ఆహారం నోటికి అందకముందే, ఆహారం తెచ్చే మనిషి కనబడగానే కుక్కకు లాలాజలం ఊరడం పావ్లోవ్ దృష్టిని ఆకర్షించింది. ఆహారానికి ముందు ఒక నిర్దిష్టమైన శబ్దాన్ని పలుమార్లు వినిపిస్తే, తరువాత ఆ శబ్దం ఒక్కటే లాలాజలాన్ని ఊరిస్తుందని నిరూపించాడు. దీనికి నిబంధిత ప్రతిచర్య అని పేరు. 1903లో మాడ్రిడ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో దీనిని ప్రపంచానికి తెలియజేశాడు. పాఠ్యపుస్తకాలలో పావ్లోవ్ పేరు వినగానే గంట గుర్తుకు వస్తుంది. అయితే ఇతడు గంట ఒక్కటే కాక మెట్రోనోమ్, విద్యుత్ దీపం, చర్మంపై స్పర్శ వంటి అనేక ఉద్దీపనలను ఉపయోగించాడు.

కుక్కల స్వభావ వర్గీకరణ

ఒకే ప్రయోగాన్ని ఒకే విధంగా చేసినా కుక్కలన్నీ ఒకే విధంగా నేర్చుకోలేదు. కొన్ని త్వరగా నేర్చి త్వరగా మరచేవి. కొన్ని ఆలస్యంగా నేర్చినా మరచేవి కావు. కొన్ని కొద్దిపాటి కష్టానికే బెదిరి ప్రయోగానికి పనికిరాకుండా పోయేవి. ఈ తేడాలకు కారణం నాడీమండలంలోనే ఉందని పావ్లోవ్ భావించాడు. ఉత్తేజం, నిరోధం అనే రెండు ప్రక్రియల శక్తి, వాటి మధ్య సమతౌల్యం, ఒకదాని నుండి మరొకదానికి మారే వేగం అనే మూడు లక్షణాలను ఆధారం చేసుకొని కుక్కలను నాలుగు రకాలుగా విభజించాడు:

- శక్తి ఉండి సమతౌల్యం లేనివి: దుడుకు స్వభావం కలవి. నిగ్రహించుకోవడం వీటికి కష్టం.
- శక్తి, సమతౌల్యం, చురుకుదనం ఉన్నవి: కొత్త పరిస్థితులకు త్వరగా అలవాటు పడేవి.
- శక్తి, సమతౌల్యం ఉండి నిదానంగా మారేవి: నెమ్మదైనవి, స్థిరమైనవి.
- బలహీనమైనవి: కొత్తదనానికి, పెద్ద శబ్దాలకు త్వరగా బెదిరేవి.

ఈ నాలుగు రకాలను ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరున ప్రచారంలో ఉన్న నాలుగు మానవ స్వభావాలతో పోల్చాడు. పైకి కనబడే తీరును బట్టి స్వభావాన్ని నిర్ణయించడం ఎంత ప్రమాదమో కూడా ఈ ప్రయోగాలలోనే తెలిసివచ్చింది. బయట గంతులు వేస్తూ అందరి మీదికి ఎగబడే కుక్కలు ప్రయోగపు గదిలో ఒంటరిగా నిలబెట్టగానే నిద్రలోకి జారుకునేవి. వాటి హుషారుకు ఎప్పటికప్పుడు కొత్త ఉద్దీపన అవసరమని పావ్లోవ్ గ్రహించాడు.

1924 వరద

1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడ్ నగరాన్ని పెద్ద వరద ముంచెత్తింది. ప్రయోగశాల ఆవరణలోని కుక్కల గదులలోకి నీరు చేరింది. సిబ్బంది కుక్కలను నీటిలో ఈదించి రక్షించారు. వరద తరువాత కొన్ని కుక్కలు అంతవరకు నేర్చినదంతా కోల్పోయాయి. కొన్నింటిలో మాత్రం ఏ మార్పూ కనబడలేదు. కోలుకున్న ఒక కుక్క గదిలోకి తలుపు కింది నుండి కొద్దిగా నీరు పారించగా అది మళ్ళీ తీవ్రంగా కలత చెందింది. బలహీనమైన నాడీమండలం కల కుక్కలు ఇటువంటి ఆఘాతాలకు ఎక్కువగా లోనవుతాయని పావ్లోవ్ నిర్ధారించాడు.

పుట్టుకా, పెంపకమా?

పావ్లోవ్ మొదట్లో పిరికి కుక్కలన్నింటినీ పుట్టుకతోనే బలహీనమైనవిగా లెక్కించాడు. 1930లలో ఇతని సహచరులు చేసిన ఒక ప్రయోగం ఆ అభిప్రాయాన్ని సవరించింది. కుక్కపిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును బోనులలో, రెండవ జట్టును స్వేచ్ఛగా పెంచారు. బోనులో పెరిగినవి పెద్దయిన తరువాత కూడా కొత్త చోటును, చిన్న చప్పుడును చూసి భయపడేవి. వాటిలో నాడీశక్తి బలంగా ఉన్నవి కూడా పిరికివిగానే ప్రవర్తించాయి. కాబట్టి కంటికి కనబడే నడవడి పుట్టుకతో వచ్చిన గుణం, పెంపకం రెండూ కలిసినదని పావ్లోవ్ తన పూర్వపు అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. ఈ విషయాన్ని లోతుగా పరిశీలించడానికి లెనిన్‌గ్రాడ్ సమీపంలోని కొల్తుషీ గ్రామంలో ఒక పరిశోధన కేంద్రాన్ని అభివృద్ధి చేశాడు.

విప్లవానంతర జీవితం

1917 విప్లవం తరువాతి కరవు సంవత్సరాలలో ప్రయోగశాలలోని కుక్కలు ఆకలితో మరణించాయి. 1921 జనవరిలో లెనిన్ సంతకంతో వెలువడిన ఉత్తర్వు పావ్లోవ్ పరిశోధనలకు ప్రత్యేక సౌకర్యాలు కల్పించింది. అయినా ఇతడు ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించాడు. అరెస్టులను, నిర్బంధాలను నిరసిస్తూ ప్రభుత్వ పెద్దలకు లేఖలు వ్రాశాడు. 1935లో లెనిన్‌గ్రాడ్, మాస్కోలలో జరిగిన అంతర్జాతీయ శరీరధర్మ శాస్త్ర మహాసభకు అధ్యక్షత వహించాడు. మరుసటి సంవత్సరం న్యుమోనియాతో తన 86వ యేట మరణించాడు.

విమర్శ

పావ్లోవ్ ప్రయోగాలలో అనేక కుక్కలు శస్త్రచికిత్సలకు, బాధకు గురయ్యాయి, మరణించాయి. ఈనాటి జంతు సంక్షేమ నియమాల ప్రకారం వాటిలో చాలావాటికి అనుమతి లభించదు. సైన్స్‌కు కుక్క చేసిన సేవకు గుర్తుగా 1935లో, పావ్లోవ్ జీవించి ఉండగానే, ప్రయోగాత్మక వైద్యశాస్త్ర సంస్థ ఆవరణలో ఒక కుక్క విగ్రహాన్ని నెలకొల్పారు. ఇతని నాలుగు రకాల వర్గీకరణను నేటి శాస్త్రవేత్తలు యథాతథంగా అంగీకరించరు. కానీ స్వభావాన్ని కొలవవచ్చునన్న ఆలోచన నిలిచింది.

కుక్కపిల్లల ఎంపికపై ప్రభావం

పావ్లోవ్ తరువాత 1940ల నుండి అమెరికాలో అంధులకు దారిచూపే కుక్కల ఎంపిక కోసం కుక్కపిల్లలకు పరీక్షలు నిర్వహించారు. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన గ్రంథంలో, సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల మనుషులకు అలవాటు పడే కీలకమైన కాలమని వివరించారు. కొత్త మనిషి పిలిస్తే వస్తుందా, తాళాల గుత్తి పడిన చప్పుడుకు బెదిరి ఎంతసేపటికి తేరుకుంటుంది, కాసేపు ఎత్తుకుంటే పెనుగులాడుతుందా అన్నవి ఇటువంటి పరీక్షలలో సాధారణంగా చూసే అంశాలు. అయితే ఏడెనిమిది వారాల వయసులో ఒక్కసారి చేసిన పరీక్ష పెద్దయిన కుక్క నడవడిని కచ్చితంగా చెప్పలేదని తరువాతి అధ్యయనాలు చూపాయి. భారతదేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు ఎనిమిది వారాలు నిండని పిల్లల అమ్మకాన్ని నిషేధించాయి.

తెలుగునాట

ఉపాధ్యాయ అర్హత పరీక్షకు చదివే ప్రతి అభ్యర్థి పావ్లోవ్ సిద్ధాంతాన్ని చదువుతాడు. జగిత్యాల జిల్లాలోని కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. జంతువుల శరీరధర్మ శాస్త్రం అక్కడి విద్యార్థుల పాఠ్యాంశాలలో ఒకటి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో వీధిలో పుట్టిన పిల్లను తెచ్చి వాకిట్లో గొలుసుతో కట్టివేసే ఇళ్ళు ఉన్నాయి. బోనులో పెరిగిన పిల్లల గురించిన ప్రయోగం ఇటువంటి పెంపకానికి కూడా వర్తిస్తుంది. తొలి నెలలలో మనుషులకు, చప్పుళ్ళకు, కొత్త చోట్లకు అలవాటు కాని పిల్ల, పుట్టుకతో ధైర్యం గలదైనా, భయంతో మొరిగే కుక్కగా, కరిచే కుక్కగా తయారుకావచ్చు.