రేకు పట్టాల నిర్మాత ఫ్రాంక్ హార్న్‌బీ

ఆటబొమ్మ అనగానే పెద్దలు చిరునవ్వు నవ్వి ఊరుకోవడం లోకంలో పరిపాటి. అయితే ఇంగ్లండు దేశంలో ఒకానొక ఆటబొమ్మ కొన్ని తరాల బాలురకు యంత్రవిద్యలో ఓనమాలు దిద్దించింది. దానిని కల్పించినవాడు ఏ విశ్వవిద్యాలయ పట్టభద్రుడూ కాడు. మాంసం దిగుమతి చేసే ఒక వర్తకుని వద్ద లెక్కలు రాసిన గుమాస్తా. ఆయన పేరు ఫ్రాంక్ హార్న్‌బీ. బ్రిటిష్ నమూనా రైళ్ళ పెట్టెల మీద ఆ పేరు నేటికీ అచ్చవుతున్నది. ఆయన జీవితాన్ని, ముఖ్యంగా ఆయన రైళ్ళకూ పట్టాలకూ సిగ్నళ్ళకూ సంబంధించిన భాగాన్ని, మేము ఇక్కడ కొంత వివరంగా పరిశీలించదలచాము.

హార్న్‌బీ 1863వ సంవత్సరం మే 15వ తేదీన లివర్‌పూల్ రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్ ఆహారపదార్థాల వ్యాపారి. చదువు మీద కుర్రవానికి ఆసక్తి తక్కువ. పదహారవ ఏట బడి మానివేసి తండ్రి దుకాణంలోనే నగదు లెక్కలు చూడసాగాడు. అయితే శామ్యూల్ స్మైల్స్ రచించిన స్వయంకృషి గ్రంథం బాల్యంలోనే ఆయన చేతికి చిక్కింది. పేదరికంలో పుట్టి యంత్రాలు కనిపెట్టిన వారి కథలు చదివిన ఆ బాలుడు, ఎన్నటికీ ఆగని యంత్రాన్ని తయారు చేయాలని రాత్రులు శ్రమించాడు. అది భౌతికశాస్త్రం ఒప్పని పని గనుక ఫలించలేదు. కాని లోహాన్ని కోయడం, వంచడం, రంధ్రం వేయడం ఆయన చేతికి అలవడింది. 1887లో క్లారా గాడ్‌ఫ్రాయ్ అనే ఉపాధ్యాయినిని వివాహమాడాడు. 1899లో తండ్రి మరణించడంతో దుకాణం మూతపడింది. ముప్పై ఆరేళ్ళ వయసులో, పిల్లల తండ్రిగా, డేవిడ్ ఎలియట్ అనే మాంసం దిగుమతిదారు వద్ద కొలువుకు కుదరవలసి వచ్చింది.

కుమారులిద్దరి కోసం ఆయన ఇంట్లో రేకుతో బొమ్మ వంతెనలు, బరువులెత్తే క్రేన్లు చేసి ఇచ్చేవాడు. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క రకం ముక్కలు కత్తిరించవలసి రావడం ఆయనకు విసుగు పుట్టించింది. ఒకసారి రైలులో పోతూ కిటికీలోనుంచి ఒక క్రేన్‌ను చూసినప్పుడు పరిష్కారం తోచిందని ఆయనే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. అర అంగుళం వెడల్పు గల పట్టీలు, వాటిలో అర అంగుళానికొకటి చొప్పున రంధ్రాలు, ఏ పట్టీనైనా ఏ పట్టీతోనైనా బిగించగల నట్లు, బోల్టులు. ఇంతే ఆ ఊహ. నేటి క్రేన్ రేపు వంతెన కావచ్చు, ఎల్లుండి బండి కావచ్చు. మన ఊళ్ళలో రేకు కత్తిరించి లాంతర్లూ డబ్బాలూ చేసే ఉస్తాదులు కొలత ఒకటే అయితే పని సగమైనట్లే అని ఎరుగుదురు. హార్న్‌బీ ఆ సంగతిని పిల్లల చేతికి అందించాడు.

పేటెంటు రుసుముకు ఆయన వద్ద డబ్బు లేదు. యజమాని ఎలియట్ అయిదు పౌన్లు అప్పిచ్చాడు. 1901 జనవరిలో దరఖాస్తు దాఖలయింది. యంత్రశాస్త్రాన్ని సులభం చేసే వస్తువుగా ఆ పెట్టె బజారులోకి వచ్చింది. లివర్‌పూల్‌లో యంత్రశాస్త్రాచార్యుడైన హీల్-షా మెచ్చుకొని యోగ్యతాపత్రం ఇవ్వడం ఎంతో మేలు చేసింది. అయినా లాభం కళ్ళజూడడానికి కొన్నేళ్ళు పట్టింది. 1907లో మెకానో అన్న పేరు నమోదయింది. మరుసటి ఏడు అదే పేరుతో కంపెనీ ఏర్పడింది. 1914లో బిన్స్ రోడ్డున విశాలమైన కర్మాగారం వెలసింది. ఆ పట్టీల విలువ తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలును. 1934లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ కలిసి అవకలన సమీకరణాలను సాధించే యంత్రం ఒకదానిని నిర్మించినప్పుడు అందులో అధికభాగం మెకానో సామానే.

రైళ్ళ కథ మొదటి ప్రపంచయుద్ధంతో ముడిపడినది. యుద్ధానికి పూర్వం బ్రిటిష్ దుకాణాలలో బొమ్మ రైళ్ళంటే బింగ్, మార్క్లిన్ వంటి జర్మన్ సంస్థలవే. యుద్ధానంతరం జర్మన్ సరుకుపై ప్రజలకు విముఖత కలిగింది. ఆ అదను గ్రహించి 1920లో హార్న్‌బీ తాళంచెవితో తిప్పే స్ప్రింగు రైలును విడుదల చేశాడు. మెకానో లాగే దానినీ నట్లు విప్పి తిరిగి బిగించవచ్చును. పట్టాల మధ్య వెడల్పు 32 మిల్లీమీటర్లు. దీనిని ఓ గేజి అంటారు. ఇందులో అడుగుకు ఏడు మిల్లీమీటర్ల చొప్పున నమూనా కడతారు.

ఇక్కడ మేము కొంచెం నిలిచి ఆ పట్టాలను చూడాలి. నాటి ఇంగ్లండులో రైలు పట్టా రెండు చివరలా ఉబ్బిన ఆకారంలో ఉండేది. ప్రతి స్లీపరు మీదా ఒక పోత ఇనుప కుర్చీ, ఆ కుర్చీలో పట్టా కదలకుండా కొట్టిన కొయ్య మేకు, పట్టాకూ పట్టాకూ మధ్య బోల్టులతో బిగించిన ఫిష్‌ప్లేటు, అడుగున కంకర. స్లీపర్ల మధ్య దూరం సుమారు రెండున్నర అడుగులు. హార్న్‌బీ పట్టా మాత్రం మడిచిన రేకు. పది అంగుళాల పైచిలుకు ముక్క నిజ ప్రమాణంలో దాదాపు 37 అడుగులకు సమానం. దానిలో పదిహేను స్లీపర్లయినా ఉండవలసిన చోట రెండో మూడో రేకు స్లీపర్లు ఉండేవి. రెండడుగుల వ్యాసార్ధం గల వంపు, నిజ ప్రమాణానికి మారిస్తే 87 అడుగులు. అంత గట్టి మలుపులో ఏ ఎక్స్‌ప్రెస్ ఇంజనూ తిరగదు. తరువాత విద్యుత్తు రైళ్ళు వచ్చినప్పుడు కరెంటు కోసం నడుమ మూడవ పట్టా కూడా చేరింది. కంటికి ఇవన్నీ లోపాలే.

అదే కాలంలో నార్తాంప్టన్ నగరంలో బాసెట్-లోక్ అనే మరొక నిర్మాత, హెన్రీ గ్రీన్లీ అనే రూపకర్త తోడ్పాటుతో, కొయ్య స్లీపర్లూ పోత కుర్చీలూ గల నిజమైన పట్టాలను అమ్మేవాడు. అవి ఖరీదైనవి, ఓపికగా అమర్చుకోవలసినవి. హార్న్‌బీకి ఆ మార్గం తెలియకపోలేదు. పదేళ్ళ బాలుడు సాయంత్రం నేల మీద పరచి, భోజనాల వేళకు తీసి పెట్టెలో సర్దుకోగల పట్టా ఆయనకు కావాలి. ఏది ఉత్తమమని మమ్మల్ని అడిగితే మేము హార్న్‌బీ పక్షమే వహిస్తాము. ఎక్కువ ఇళ్ళకు చేరిన వస్తువు అదే గనుక.

పట్టా విషయంలో రాజీపడిన మనిషి సిగ్నళ్ళ విషయంలో అంతగా రాజీపడలేదన్నది గమనింపదగిన విశేషం. మన పెద్దలు కైమరం అని పిలిచిన స్తంభమే ఇది. మన రైలు మార్గాలకు ఈ పద్ధతి బ్రిటను నుండే వచ్చింది. దీని చేయి రెండు రకాలు. హోమ్ సిగ్నలు చివర చదరంగా ఉంటుంది. అడ్డంగా ఉంటే బండి అక్కడ ఆగి తీరాలి. డిస్టెంట్ సిగ్నలు చివర చేపతోక వలె చీలి ఉంటుంది. అది అడ్డంగా ఉంటే ఆగనవసరం లేదు, ముందున్న సిగ్నలు వద్ద ఆగడానికి సిద్ధపడాలి. ఈ డిస్టెంట్ చేతికి కూడా బ్రిటనులో 1920ల వరకు ఎరుపే పూసేవారు. పసుపు ఆ తరువాత వచ్చింది. హార్న్‌బీ పెట్టెలలో ఈ రెండు రకాలూ ఉండేవి. మార్గాలు చీలేచోట నిలిపే జంట సిగ్నళ్ళు, పట్టాల పైన వంతెనలా నిలిచే గ్యాంట్రీ కూడా ఉండేవి. తోక చీలిన చేయికీ చీలని చేయికీ భేదం తెలిసిన పిల్లవాడు నిజమైన స్టేషనుకు వెళ్ళినప్పుడు ఆ భాషను చదవగలిగేవాడు.

ఆ భాష ఎంత విలువైనదో హార్న్‌బీ తరం వారికి బాగా తెలుసు. ఆయన ఇరవై ఆరేళ్ళవాడై ఉండగా, 1889 జూన్ 12న, ఐర్లండులోని ఆర్మా వద్ద విహారయాత్రకు బయలుదేరిన రైలులోని వెనుక పెట్టెలు వాలులో జారి మరొక బండిని ఢీకొన్నాయి. సుమారు 80 మంది మరణించారు, వారిలో పిల్లలెందరో. నాడు బండికీ బండికీ నడుమ నిమిషాల ఎడమే రక్షణగా ఉండేది. ఆ ఏడే వచ్చిన చట్టం ప్రయాణికుల మార్గాలలో ఒక విభాగంలో ఒకే బండి ఉండాలన్న బ్లాకు పద్ధతిని, సిగ్నలుకూ పాయింట్లకూ మధ్య పరస్పర బంధాన్ని, రైలు పొడవునా పనిచేసే బ్రేకులను తప్పనిసరి చేసింది. ఆ పరస్పర బంధానికి జాన్ సాక్స్‌బీ 1856లోనే పేటెంటు పొందాడు. పాయింట్లు తప్పుగా ఉంటే సిగ్నలు వంగదు. సిగ్నలు వంగితే పాయింట్లు కదలవు.

1920ల దశకంలోనే హార్న్‌బీ కర్మాగారం సిగ్నలు క్యాబిన్ నుండి తీగలతో నడిచే ఒక ఏర్పాటును అమ్మింది. మీటల వరుస దగ్గర కూర్చున్న బాలుడు పాయింట్లు మార్చవచ్చు, సిగ్నలు దించవచ్చు, పట్టాల నడుమ అమర్చిన పరికరం ద్వారా కదులుతున్న రైలును ఆపనూవచ్చు. చేయి ముట్టకుండా దూరం నుండి రైలును శాసించడమన్నది బొమ్మల లోకంలో అపూర్వమైన ఆకర్షణ. మా దృష్టిలో ఆయన రైళ్ళలో కెల్ల గొప్ప భాగం ఇంజను కాదు, ఈ తీగలే.

అన్నీ మెచ్చుకోదగినవి కావు. 1925లో వచ్చిన తొలి విద్యుత్ రైలు ఇంటి కరెంటునే ఒక దీపం గుండా పంపి నడిపే రకం. బొమ్మకు అంతటి ప్రమాదకరమైన విద్యుత్తు పెట్టడం సాహసం కాదు, అవివేకం. కొద్ది సంవత్సరాలలో అది 6 వోల్టులకు, ఆపైన 20 వోల్టులకు మారింది. మరొక మాట. మెకానో పత్రిక గాని, 1928లో నెలకొల్పిన హార్న్‌బీ రైల్వే కంపెనీ అనే బాలల సంఘం గాని ప్రధానంగా బాలురనే ఉద్దేశించినవి. బిన్స్ రోడ్డులో ఆ బొమ్మలను అమర్చి పెట్టెలకెత్తిన చేతులలో అత్యధికం స్త్రీలవి. మా కళాశాలలో భౌతికశాస్త్రపు ప్రయోగశాలను చూసేవారికి ఈ విషయంలోని అన్యాయం వేరుగా చెప్పనక్కరలేదు.

1931లో ఆయన కన్సర్వేటివ్ పక్షాన ఎవర్టన్ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు ఎన్నికై 1935 వరకు సభ్యుడుగా ఉన్నాడు. రాజకీయాలలో ఆయన చెప్పుకోదగిన ముద్ర వేయలేదు. ఆ రోజులలోనే రైలు మార్గాల పక్కన పెట్టుకునే చిన్న మోటారు వాహనాలు ఆయన కర్మాగారం నుండి వెలువడి, 1934 నుండి డింకీ బొమ్మలుగా ప్రసిద్ధికెక్కాయి. 1936 సెప్టెంబరు 21న, డెబ్బై మూడవ ఏట, ఆయన కన్నుమూశాడు. లివర్‌పూల్‌కు సమీపంలోని మాగల్‌లో చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉన్నది.

ఆయన మరణించిన రెండేళ్ళకు, 1938లో, ఓ గేజిలో సగం వెడల్పు గల హార్న్‌బీ డబ్లో రైళ్ళు వచ్చాయి. వీటిలో బండి అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల ప్రమాణంలో ఉంటుంది. పట్టాల మధ్య వెడల్పు మాత్రం 16.5 మిల్లీమీటర్లు. నాలుగు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాల నిజమైన గేజికి ఆ ప్రమాణంలో 18.83 మిల్లీమీటర్లు రావాలి. అనగా నమూనాలో దారి ఏడు అంగుళాలు ఇరుకైపోయింది. ఈ లోపాన్ని సహించలేని నమూనాకారులు 1960లలో 18.83 మిల్లీమీటర్ల ప్రమాణాన్నే స్వీకరించి, ఒక్కొక్క కుర్చీని చేతితో అమర్చి, పరస్పర బంధం గల మీటలతో సిగ్నళ్ళు నడపసాగారు. మెకానో కంపెనీ 1964లో లైన్స్ సోదరుల చేతికి పోయింది. 1971లో వారూ దివాలా తీశారు. బిన్స్ రోడ్డు కర్మాగారం 1979లో మూతపడింది. రైళ్ళు మార్గేట్ పట్టణానికి తరలి హార్న్‌బీ పేరును నిలుపుకున్నాయి. ఆ పేరుతో అమ్ముడయ్యే డబ్లో ప్రమాణపు పట్టాల వెడల్పు ఇప్పటికీ 16.5 మిల్లీమీటర్లే.