కాలాపానీని పేరులో కలుపుకున్న డాక్టరు గారు

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు మన ఇళ్లు ఎలా ఉంటాయో మనకు వేరే చెప్పనక్కర లేదు. నాన్న గారో, అమ్మ గారో ఆఫీసు నుంచి ఆ కబురు తెస్తారు. అమ్మ అటక మీది పెట్టెలు దింపుతుంది. మనకేమో ఇప్పుడిప్పుడే కుదిరిన స్నేహితులు, వార్షికోత్సవంలో వేయాల్సిన నాటకం, టీములో దొరికిన చోటు గుర్తుకొస్తాయి. అంతా మన మంచికే, దేవుడి మీద భారం వేయండి అని పెద్దలంటారు. ఆ క్షణంలో ఆ మాట రుచించదు. దేవుడికి మన క్లాసు సంగతి ఏం తెలుసని కోపం కూడా వస్తుంది.

దాదాపు నూరేళ్ల కిందట అలాంటి ఉత్తర్వు అందుకొని ఈ దీవులకు వచ్చిన ఒక ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారు. ఆయన డాక్టరు, కవి. పేరు దివాన్ సింగ్. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే నేటి శ్రీ విజయపురంలో, ఆయన పేరుతో ఉన్న గురుద్వారాను మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ పేరు వెనక ఉన్న మనిషిని ఇప్పుడు తెలుసుకుందాం.

దివాన్ సింగ్ 1890లలో పంజాబులోని సియాల్‌కోట్ జిల్లాలో ఒక పల్లెటూరిలో పుట్టారు. ఆ జిల్లా ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. బంధువుల చేతుల్లో పెరిగారు. కష్టపడి చదివి, ఆగ్రాలో వైద్యవిద్య పూర్తి చేసి, సైన్యంలో డాక్టరుగా చేరారు. మంచి ఉద్యోగం, దగ్గరలోనే సొంత ఊరు, చేతిలో కలం. జీవితం ఒక దారిన పడిందని ఆయన అనుకుని ఉంటారు.

మనవాళ్ల సామెత ఉంది కదా, తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందని. అవి గాంధీజీ సహాయ నిరాకరణ ఉద్యమం నడిపిన రోజులు. సర్కారు ఉద్యోగంలో ఉండి కూడా దివాన్ సింగ్ పరాయి పాలనకు వ్యతిరేకంగా మాట్లాడారు. అందుకు విచారణ ఎదుర్కొన్నారు. తరువాత బదిలీలు మొదలయ్యాయి. పంజాబు నుంచి ఎంతో దూరాన ఉన్న బర్మాలోని రంగూన్‌కు వెళ్లారు. అక్కడి నుంచి 1927లో అండమాన్‌కు వచ్చారు.

ఆనాటి అండమాన్ ఈనాటి అండమాన్ కాదు. ఇప్పుడు విమానం ఎక్కితే చెన్నై నుంచి రెండు మూడు గంటల్లో దిగిపోతాం. అప్పుడు కలకత్తా, మద్రాసు, రంగూన్ రేవుల నుంచి వచ్చే ఓడే దిక్కు. 1858 నుంచి ఇది ఖైదీల స్థావరం. 1906లో సెల్యులార్ జైలు కట్టడం పూర్తయింది. దేశమంతటా ఈ చోటికి కాలాపానీ అని పేరు. ఆ మాట వింటే చాలు, తిరిగి రానివాళ్లను తలచుకొని జనం భయపడేవారు. సెలవుకు రావాలంటేనే రోజుల తరబడి సముద్రం దాటాలి. అలాంటి చోటికి ఒక పంజాబీ డాక్టరును పంపారు.

సిక్కుల విశ్వాసంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. అది హుకం. దేవుడి ఆజ్ఞ అని దాని అర్థం. ఏది జరిగినా ఆ ఆజ్ఞకు లోబడే జరుగుతుందని, దాన్ని సంతోషంగా తలకెత్తుకోవడమే భక్తి అని గురు నానక్ బోధించారు. తెలుగులో మనం వాడే హుకుం అనే మాటా అదే. సర్కారు వారి హుకుంతో ఈ గట్టున దిగిన దివాన్ సింగ్ దానిలో దేవుడి హుకం కూడా చూసుకున్నారు. అలాగని చేతులు ముడుచుకొని కూర్చోలేదు. దేవుడు ఇక్కడికి పంపాడంటే ఇక్కడ తనకేదో పని ఉండే ఉంటుందని నమ్మినవారిలా బతికారు.

పని కళ్లెదుటే ఉంది. వైద్యం అందవలసిన మనుషులు చుట్టూ ఉన్నారు. శిక్ష ముగిసినా ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల పిల్లలు రకరకాల భాషలు మాట్లాడే ఇళ్లలో పెరుగుతున్నారు. దివాన్ సింగ్ పగలు రోగులను చూసుకున్నారు. అందరినీ కూడగట్టి గురుద్వారా నెలకొల్పారు. అక్కడ పిల్లలకు చదువు ఏర్పాటు చేశారు. పంజాబీతో పాటు తమిళం, తెలుగు వంటి భాషలు కూడా అక్కడ నేర్పేవారు. మెయిన్‌లాండ్‌కు ఇంత దూరాన, ఒక పంజాబీ డాక్టరు పూనికతో తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లలు ఉన్నారంటే, ఈ పత్రికలో తెలుగు పేజీలు చదివే మనకు అది ఇంటి సంగతే అవుతుంది.

రాత్రులు కవిత్వం రాసుకునేవారు. పంజాబీలో వచన కవితకు దారి వేసిన తొలి కవుల్లో ఆయన ఒకరు. 1938లో ఆయన పుస్తకం వగదే పాణీ అచ్చయింది. ఆ పేరుకు పారే నీళ్లు అని అర్థం. అప్పటికి ఆయన తన పేరు చివర కాలేపానీ అని చేర్చుకున్నారు. జనం పలకడానికే జంకే పేరును ఆయన ఇంటిపేరులా పెట్టుకున్నారు. శిక్షగా దొరికిన ఊరు సొంత ఊరయింది.

ఇక్కడితో కథ ఆగిపోతే ఎంత బాగుండేది! కాని 1942 మార్చి 23న జపాను సైన్యం ఈ దీవులను ఆక్రమించుకుంది. అంతకు ముందే వీలున్నవాళ్లు ఓడలెక్కి వెళ్లిపోయారు. డాక్టరు గారు కుటుంబంతో ఇక్కడే ఉండిపోయారు. భారత స్వాతంత్ర్య లీగు స్థానిక శాఖకు పెద్దగా, అటు సైన్యానికి ఇటు ప్రజలకు మధ్య నిలబడ్డారు. జనాన్ని బలవంతంగా పనులకు తోలుతుంటే, గూఢచారులని అనుమానించి జైల్లో పెడుతుంటే, వాళ్ల తరఫున మాట్లాడారు. గురుద్వారాను సైన్యం అవసరాలకు అప్పగించమంటే కాదన్నారు.

1943 అక్టోబరు 23న ఆయనను కూడా గూఢచారి అన్న నేరం మోపి పట్టుకొని సెల్యులార్ జైల్లో పెట్టారు. చేయని నేరం ఒప్పుకోమని చిత్రహింసలు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ డిసెంబరు 29న నేతాజీ సుభాష్ చంద్ర బోస్ పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. మరునాడు జెండా ఎగురవేశారు. అదే ఊరిలో, ఆ జైలు గోడల వెనక డాక్టరు గారు ఉన్నారు. ఆ సంగతి నేతాజీ దాకా చేరలేదు. 82 రోజుల హింస తరువాత 1944 జనవరి 14న దివాన్ సింగ్ కన్నుమూశారు. 1945లో జపాను లొంగిపోయి దీవులకు విడుదల దొరికేనాటికి ఆయన లేరు.

దేవుణ్ణి అంతగా నమ్మిన మనిషిని దేవుడు ఎందుకు కాపాడలేదు? ఈ కథ చదివిన ఎవరికైనా ఆ ప్రశ్న వస్తుంది. దానికి తేలికైన జవాబు లేదు. అయితే దివాన్ సింగ్ నమ్మకం బేరం వంటిది కాదు. నేను నమ్ముతాను, నువ్వు నేనడిగింది ఇవ్వు అని ఆయన దేవుడితో ఒప్పందం చేసుకోలేదు. పంజాబులో ఉన్నా, బర్మాలో ఉన్నా, కాలాపానీలో ఉన్నా, చివరికి జైలు గదిలో ఉన్నా దేవుడు తనను వదిలి ఎక్కడికీ పోలేదని మాత్రం నమ్మారు. అందుకే ఊరు మారినప్పుడు కుంగిపోలేదు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు అబద్ధం చెప్పలేదు.

ఆయన పోయాక ఆయన కవితలు మరికొన్ని పుస్తకాలుగా వచ్చాయి. చండీగఢ్ దగ్గర సిస్వాన్‌లో ఆయన జ్ఞాపకార్థం ఒక మ్యూజియం వెలిసింది. ఇక్కడి గురుద్వారా ఆయన పేరుతోనే ఉంది.

మనలో కొందరు ఈ ఏడాదే దీవులకు వచ్చాం. కొందరం వచ్చే ఏప్రిల్ నాటికి ఎక్కడుంటామో తెలియదు. ఏడవడం తప్పు కాదు, పాత స్నేహితులను తలచుకోవడమూ తప్పు కాదు. పెట్టెలు విప్పిన మరునాడు మాత్రం కొత్త క్లాసులో పక్కన కూర్చున్నవాళ్ల పేరు అడుగుదాం. ఈ ఊళ్లో మనకున్న పని అక్కడి నుంచే మొదలవుతుందేమో. ఈలోగా ఒక ఆదివారం అమ్మానాన్నలతో కలిసి ఆ గురుద్వారాకు వెళ్లి, తల మీద గుడ్డ కప్పుకొని, మనలాగే బదిలీ మీద వచ్చిన ఆ డాక్టరు గారికి ఒక నమస్కారం పెట్టి వద్దాం.