వెన్నెముకకు రక్ష: కీ.శే. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

పొట్టచేత పట్టుకొని పరదేశం వెళ్ళిన ఆంధ్రులలో లోకానికి ఇంత మేలు చేసినవారు అరుదు. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. బీద కుటుంబం. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలులో చదివి గట్టెక్కారు. మెట్రిక్కుతోనే ఆగిన నాబోటివారికి ఈ సంగతి కొంత ఊరట.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలియైనారు. ఆ దుఃఖం ఆయనను వదలలేదు. 1922లో బోస్టను చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్కే అనే ఆచార్యునితో కలసి, రక్తంలో భాస్వరమెంతో లెక్కకట్టే పద్ధతిని ప్రకటించారు. ఎముకకు సున్నమెంతో భాస్వరమూ అంతే ముఖ్యం గనుక, ఎముకల జబ్బులను పరిశీలించే వైద్యులకు అది చేతికందిన సాధనమైంది.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన నాయకత్వాన అక్కడి శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగులు దానితో కోలుకొన్నారు. తిరిగి స్వదేశం చూడకుండానే 1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన అమెరికాలో కన్నుమూశారు.

ఆ మందు చేయగల మరో ఉపకారం ఆయన పోయిన తరువాతనే బయటపడింది. గర్భం నిలిచిన 28 రోజులలోపే శిశువు వీపున ఒక సన్నని నాళం మూసుకొని వెన్నుపాము అవుతుంది. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నులో చీలికతో పుడుతుంది. కాళ్ళు చచ్చుబడవచ్చు, వెన్ను వంకరపోవచ్చు. అటువంటి కాన్పు ఒకసారి అయిన స్త్రీలకు గర్భానికి ముందునుండే ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూడగా, ఆ ముప్పు నూటికి 72 పాళ్ళు తగ్గిందని 1991లో బ్రిటిషు వైద్య పరిశోధకులు తేల్చారు.

మరుగుజ్జుతనం వంటి జన్యుదోషాలను ఈ మాత్ర ఆపలేదు. వెన్ను చీలికలన్నిటినీ ఆపజాలదు. కాని ఆపగలిగినవాటినైనా ఆపకపోవడం మన లోపమే. నెల తప్పిందని తెలిసేసరికే ఆ 28 రోజులు గడచిపోవచ్చు. కనుక మాత్ర ముందే మొదలుపెట్టాలి. ఆకుకూరలు, పప్పులు మంచివే, కాని అవి మాత్రకు బదులు కావు. ఇదివరకు అటువంటి బిడ్డ పుట్టిన తల్లికి మోతాదు ఎక్కువ కావాలి గనుక డాక్టరును అడగడం తప్పనిసరి.

ఆష్టి, సిరొంచ ప్రాంతాల మన ఇళ్ళలో ఈ వేసవిలోనూ పెళ్ళిళ్ళు జరుగుతాయి. బిడ్డ వెన్ను చెడితే గ్రహణ దోషమనీ, పూర్వజన్మ పాపమనీ తల్లిని ఆడిపోసుకోవడం మానుదాం. చీరె సారెలతోపాటు ఈ మాత్ర సంగతి కూడ కొత్త కోడలికి చెప్పి పంపుదాం. ఉగాది నాడు ఆ మహనీయునికి మనం చేయగల తర్పణం అదే.