ఏనుగు, గొలుసులు సరే... డ్రిల్లు మాస్టారు రామ్మూర్తి నాయుడు గారి సంగతేంటి?

 

మన ఛానల్‌లో కోడి రామ్మూర్తి నాయుడు గారి మీద పెట్టిన వీడియో చూసే ఉంటారు. చూడకపోతే ముందు అది చూసి రండి, ఇది దానికి కొనసాగింపు. ఎనిమిది నిమిషాల వీడియోలో ఏనుగు, ఇనుప గొలుసులు, ఆగిపోయిన కార్లు... వీటికే టైమ్ అయిపోయింది. స్క్రిప్టు రాసింది నేనే కాబట్టి తప్పు కూడా నాదే. ఎడిటింగ్‌లో ఎగిరిపోయిన ముక్కలు మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆయన బళ్లో పిల్లల చేత కసరత్తు చేయించిన రోజులు, ఒక బెంగాలీ కుర్రాణ్ణి తన వెంట తీసుకెళ్లిన సంగతి, చివర్లో కాలు పోయిన సంగతి. ఇవి చెప్పకుండా ఆయన కథ చెప్పానని ఎలా అనుకోను?

ఇంతకీ ఆ పేరు నాకు మొదట చెప్పింది ఎవరో తెలుసా? మా పీఈటీ సారు. మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. ఇప్పుడు బెంగళూరులో కోడ్ రాసుకుంటున్నాను గానీ, హైస్కూల్లో మూడేళ్లు వెయిట్‌లిఫ్టింగ్ చేశాను. సారు క్రైస్తవులు. మా ఉత్తరాంధ్రలో బ్రిటిష్ వాళ్ల కాలంలోనే కెనడా నుంచి బాప్టిస్టు మిషనరీలు వచ్చి శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం వైపు బళ్లు, ఆసుపత్రులు పెట్టారు. సారు వాళ్ల కుటుంబం ఆ చర్చిలదే. పోటీలకు బయల్దేరే ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి రెండు నిమిషాలు కళ్లు మూసుకోమనేవారు. ఆయన ప్రభువుకి దణ్ణం పెట్టుకునేవారు, మమ్మల్ని ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోమనేవారు. నేను ఆంజనేయస్వామిని తలుచుకునేవాణ్ణి. నా పక్కన నిలబడే ముస్లిం కుర్రాడు అల్లాని.

ఎవరో మా పెద్దనాన్న చెవిలో ఊదారు, మీ గుంటడి చేత అక్కడ ఏవో ప్రార్థనలు చేయిస్తన్నారని. పెద్దనాన్న ఓ రోజు పొద్దున్నే గ్రౌండుకి వచ్చి, గోడ పక్కన వేపచెట్టు కింద నిలబడి అంతా చూశారు. ఏమీ అనకుండా సైకిలెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట మళ్లీ రాలేదు.

బార్‌బెల్ గదిలో గోడ మీద సారు తన చేత్తో పెయింటుతో రాసుకున్న పేరు ఒకటే ఉండేది: కోడి రామ్మూర్తి నాయుడు. ఎవరు సార్ ఈయన అని అడిగితే, ఈ పని మన జిల్లాలో నాకంటే ముందు చేసిన మాస్టారు అని చెప్పారు. భీముడనో పహిల్వాన్ అనో అనలేదు. నాకది అప్పుడు అర్థం కాలేదు.

ఇక ఆయన కథలోకి వెళ్దాం. పుట్టింది వీరఘట్టంలో, 1882 ప్రాంతంలో. మొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి వెంకన్న నాయుడు గారు. తల్లి చిన్నప్పుడే పోయింది. తల్లి లేని పిల్లాడు, దానికి తోడు అల్లరి. తండ్రి ఇక లాభం లేదనుకుని విజయనగరంలో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపించేశారు. ఆ బాబాయి పేరు నారాయణస్వామి నాయుడు గారు, పోలీసు శాఖలో ఉద్యోగం. వీరఘట్టం కొండల్లో ఎవరో సాధువు ఆయనకు మంత్రం ఉపదేశించాడని మా వైపు ఒక కథ చెప్పుకుంటారు. నమ్మేవాళ్లు నమ్మండి. నాకు మాత్రం ఆ బాబాయి ముఖ్యమనిపిస్తాడు. చదువు ఎక్కని కుర్రాణ్ణి తిట్టి కూర్చోబెట్టకుండా వ్యాయామం వైపు పోనిచ్చాడు.

అప్పటి విజయనగరం అంటే గజపతుల విజయనగరం. కోట, కాలేజీ, సంగీతం, సాహిత్యం... వాటితో పాటు సాము గరిడీలు, కుస్తీలు కూడా. మా ఊళ్లల్లో ఇప్పటికీ పండగలకి సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు. కుర్రాళ్లు గుండ్రటి బండరాయిని వంగి పట్టుకుని, రొమ్ము మీదికి లాక్కుని, ఒక్క ఊపున భుజం దాటిస్తారు. ఆ నేల మీద పెరిగిన మనిషి ఆయన. ఇరవయ్యొకటో ఏటికే టన్నున్నర బరువును ఛాతీ మీద మోసేవారని, తర్వాత అది మూడు టన్నులైందని చెప్తారు.

ఇక్కడే వీడియోలో ఎగిరిపోయిన ముక్క వస్తుంది. అంత బలం ఉన్నవాడు నేరుగా ప్రదర్శనలకి వెళ్లిపోలేదు. మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షకుడిగా ట్రైనింగ్ తీసుకుని, తిరిగి విజయనగరం వచ్చి, తాను చదువుకున్న హైస్కూల్లోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు. ఈ మాట చదివినప్పుడు నాకు మా సారు గోడ మీద రాసిన పేరు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. అంటే కలియుగ భీముడు కూడా ఒకప్పుడు పొద్దున్నే విజిల్ వేసి, వరస తప్పిన పిల్లల్ని సరిచేసి, దండీలు, బస్కీలు లెక్కపెట్టిన మాస్టారే కదా!

ఆ రోజుల్లో ప్రపంచమంతా ఈ ఆలోచన నడుస్తోంది, శరీరాన్నీ ఆత్మనీ కలిపి పెంచాలని. ఇంగ్లండులో 1844లో జార్జ్ విలియమ్స్ అనే ఆయన వైఎంసీఏ మొదలుపెట్టాడు. శరీరం, మనసు, ఆత్మ అనే మూడు భుజాల త్రిభుజం వాళ్ల గుర్తు. మనం ఆడే బాస్కెట్‌బాల్, వాలీబాల్ రెండూ అమెరికాలో వైఎంసీఏ మాస్టార్లు కుర్రాళ్ల కోసం కనిపెట్టినవే, ఒకటి 1891లో, రెండోది 1895లో. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన మన దేశం జట్టు వెంట ఆయనే వెళ్లాడు. ఇటు మన వైపు వివేకానందుడు, గీత చదవడం కంటే ఫుట్‌బాల్ ఆడితే దేవుడికి దగ్గరవుతారని కుర్రాళ్లకి చెప్పి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. కండలు గట్టిపడితే గీత ఇంకా బాగా అర్థమవుతుందని ఆయన భావం. రామ్మూర్తి గారు సైదాపేటలో చదివే నాటికి బక్ గారి కాలేజీ ఇంకా పుట్టలేదు. అయినా ఈ మనుషులందరూ ఒకే గ్రౌండులో తలో మూల నిలబడి ఉన్నట్టు నాకనిపిస్తుంది.

రామ్మూర్తి గారి మూల హనుమంతుడిది. ఆయన శాకాహారి. జిమ్ముల్లో చికెన్ లేకపోతే కండ రాదనేవాళ్లకి ఈ పేరు చెప్పండి. ప్రాణాయామం ఆయన అసలు కసరత్తు. ఊపిరి తీసుకోవడం పూరకం, బిగబట్టడం కుంభకం, వదలడం రేచకం అని మనకి తెలుసు. ఛాతీకి ఇనుప గొలుసు బిగించి కట్టించుకుని, గాలి నింపి, కుంభకంలో కండరాలన్నీ బిగిస్తే గొలుసు తెగేది.

ఇంజినీరుని కదా, ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఏనుగు ఛాతీ మీదికి ఎక్కిందంటే దాని కాలు నేరుగా రొమ్ము మీద పడదు. ఇలాంటి ప్రదర్శనల్లో మధ్యలో బల్ల ఉంటుంది. బరువు బల్ల అంతా పరుచుకుంటుంది, కొంత భారం బల్ల కొసల నుంచి నేల మీదికి పోతుంది. మిగిలిందైనా వందల కేజీలే. గాలి నింపి బిగించిన ఛాతీ, గాలి కొట్టిన లారీ టైరులాగా పనిచేస్తుంది. గాలి లేని టైరు మీద అదే బరువు పడితే ఏమవుతుందో ఊహించుకోండి. వెయిట్‌లిఫ్టింగులో మేము బరువు ఎత్తే ముందు ఊపిరి పీల్చి పొట్ట బిగించేది కూడా ఇందుకే, వెన్నెముక నిలబడాలని. కాబట్టి ఇది మాయ కాదని ధైర్యంగా చెప్పొచ్చు. దేవుడి దయ లేదా అంటారేమో. ఏళ్ల తరబడి తెల్లవారుజామున లేచి అదే కసరత్తు చెయ్యగలగడం దయ కాక మరేంటి?

తర్వాత పొట్టి పంతులు అనే మిత్రుడి సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. బిరుదులూ, లండనూ, రాజుగారి ముందు ప్రదర్శనా వీడియోలో విన్నారు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నా. కలియుగ భీమ, మల్లమార్తాండ, జయవీర హనుమాన్, ఇండియన్ హెర్క్యులెస్... పేర్లకేం కొదవ లేదు.

నేను ఆగాలనుకున్నది భవాని దగ్గర. అసలు పేరు భవేంద్రమోహన్ సాహా, 1890లో పుట్టిన కలకత్తా కుర్రాడు. చిన్నప్పుడు మలేరియాతో చిక్కిపోయాడట. తోటి కుర్రాడి చేతిలో దెబ్బలు తిని, ఆ అవమానంతో అఖాడాలో చేరి కండ పెంచాడు. రామ్మూర్తి గారి సర్కస్ కలకత్తా వెళ్లినప్పుడు ఈ కుర్రాడి మీద ఆయన కన్ను పడింది. ఇంట్లో తల్లి ఒప్పుకోదు. ఇరవై ఏళ్లు కూడా లేవు. చెప్పకుండా ఇంట్లోంచి వచ్చేసి బృందంలో చేరిపోయాడు. రంగూన్, సింగపూర్, జావా అన్నీ మాస్టారి వెంట తిరిగాడు. భాష వేరు, తిండి వేరు. వీరఘట్టం నాయుడు గారూ, కలకత్తా సాహా బాబూ ఓడ డెక్కు మీద ఏ భాషలో మాట్లాడుకునేవారో అని నాకు భలే కుతూహలం. కసరత్తుకి పెద్దగా భాష అక్కర్లేదు లెండి.

కొంతకాలానికి ఇద్దరూ వేరుపడ్డారు. శిష్యుడు సొంతంగా పేరు తెచ్చుకున్నాడు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, బెంగాల్ అంతా భీమ్ భవాని అని పిలుచుకుంది. 1922లో, ముప్పై రెండేళ్లకే పోయాడు. గురువు ఇంకా బతికే ఉన్నారు. కబురు ఎప్పుడు తెలిసిందో, ఆ రోజు గురువు గారు కసరత్తు చేశారో లేదో... స్క్రిప్టు రాస్తున్నప్పుడు ఇక్కడే చాలాసేపు ఆగిపోయాను.

చివరి రోజులు. సంపాదించింది దాతగా, దేశం కోసం చాలావరకు ఇచ్చేశారు. కాలికి పుండు లేచింది, ముదిరింది, కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని ప్రాణాయామంతోనే నొప్పి ఓర్చుకున్నారని మా వైపు చెప్తారు. ఒడిశాలోని బలంగీర్‌లో 1942 జనవరిలో కన్నుమూశారు, సొంత ఊరికి దూరంగా.

ఈ ముక్క వీడియోలో ఎందుకు తీసేశారో నాకు తెలుసు. హనుమంతుడి భక్తుడికి ఇలా జరిగిందేంటని అడుగుతారని భయం. నాకూ ఆ ప్రశ్న వచ్చింది. జవాబు దొరకలేదు. కార్లని ఆపిన కాలు పోయాక కూడా ఆయన ఊపిరి బిగబట్టే సాధన వదల్లేదన్న మాట ఒక్కటి మాత్రం పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు, విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం. అంతకంటే నాకు ఇష్టమైన సంగతి వేరే ఉంది. నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది. ఆ ఊరి పిల్లలు వెయిట్‌లిఫ్టింగులో దేశం తరఫున ఆడారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కేజీలు, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆమె వెనకా ఒక మాస్టారు ఉన్నారు, నీలంశెట్టి అప్పన్న గారు. రేకుల షెడ్డుల్లో, తుప్పు పట్టిన ప్లేట్లతో ఇలాంటి మాస్టార్లు మా రెండు జిల్లాల్లో ఇంకా ఉన్నారు.

మా సారుకి నేను చేసిన పని కూడా చెప్పేస్తాను. పదో తరగతి అయ్యాక ఇంటర్ హాస్టల్లో వేశారు, ఎంసెట్ అన్నారు, వెయిట్‌లిఫ్టింగ్ ఆగిపోయింది. మానేస్తున్నానని సారుకి చెప్పలేదు. ఒక ఆదివారం వచ్చి కనబడమన్నారు, పోలేదు. ఆ తర్వాత సిగ్గేసి పదేళ్లు ఆ గ్రౌండు వైపే వెళ్లలేదు. ఈ వీడియో స్క్రిప్టు కోసం వివరాలు కావాలన్న వంకతో పోయిన సంక్రాంతికి వెళ్లాను. రిటైరైపోయారు, అయినా పొద్దున్న అయిదున్నరకి గ్రౌండులోనే ఉన్నారు. ఎందుకు మానేశావని అడగలేదు. రోజంతా కుర్చీలో కూర్చుంటావు కదా, నడుము నొప్పి ఉందా అని అడిగారు. ఉందన్నాను. ఖాళీ రాడ్డు చేతికిచ్చి, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో మళ్లీ మొదట్నుంచి చూపించారు.

వీడియో లింకు పంపితే చూశారు. బాగుందన్నారు గానీ, మాస్టారుగా పనిచేసిన సంగతి ఏదీ అని అడిగారు. సార్, ఇదిగో.