మూడోసారి గట్టెక్కిన సుబ్బారావు గారు

కబడ్డీలో కూతకెళ్లినప్పుడు మన కాళ్లకు శక్తినిచ్చేది ఏటీపీ. తిన్న అన్నంలోని శక్తిని కణం ఈ రూపంలోకి మార్చుకుని కండరాన్ని కదిలిస్తుంది. 1929లో దీన్ని కండరంలో కనుగొన్నవారిలో యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివారు. మామగారు, దాతలు సాయపడగా అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. రక్తకణాలు తయారవడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసినదీ, బోదకాలుకు ఇచ్చే డీఈసీ మందును వెలికితెచ్చినదీ ఆయన నడిపిన బృందాలే. నోబెల్ రాలేదు. 1948లో 53 ఏళ్లకే కన్నుమూశారు.

మా ఇళ్లలో డిగ్రీ చదివినవాళ్లలో మేమే మొదటివాళ్లం. మేమూ తడబడినవాళ్లమే. పదో తరగతి తప్పి ట్రంకుపెట్టె సర్దుకుంటున్న తమ్ముళ్లూ, ఇంకోసారి రాయండి.